అర్జునుడు రెండోసారి చెప్పుకున్నాడు

మా వినగడపలో ఎవరింట్లో చావు జరిగినా మైకులో ఘంటసాల గారి భగవద్గీత పెడతారు. ఆయన 1974లోనే పోయారు, ఆ గొంతు మాత్రం ఇప్పటికీ ప్రతి చావింటికీ వస్తుంది. మా ఆయన పోయినప్పుడూ పెట్టారు. ఆ తర్వాత నన్నెవరూ పట్టించుకోలేదంటే కళ్ళు పోతాయి. కట్టలేరు వాగు పొంగి దారి మూసుకుపోయిన రోజున కూడా చుట్టు తిరిగి వచ్చి పలకరించినవాళ్ళున్నారు. 'చిక్కిపోయావు వదినా' అన్నారు, కూరలు పంపారు. కళ్ళంలో మిరపకాయల్లో తాలు ఏరుతుంటే నా కళ్ళు ఎర్రబడటం చూసి, 'ఘాటు, మొహం కడుక్కో' అని చెంబు అందించారు. ఘాటుకి కాదని వాళ్ళకీ తెలుసు.

మా ఆయన సంగతి ఎత్తితే మాత్రం అందరిదీ ఒకటే మాట: 'గీత విన్నావుగా, ఏదీ ఆశించకూడదు.'

ఈ మాట నాకు మింగుడుపడదు. ఫలం ఆశించొద్దని కృష్ణుడు చెప్పింది చేసే పని గురించి. నీ గోడు వినే మనిషిని కోరుకోవద్దని చెప్పలేదు. పైగా అది రెండో అధ్యాయంలో 47వ శ్లోకం. అంతకుముందు ఏం జరిగింది? మొదటి అధ్యాయం మొత్తంలో కృష్ణుడు పలికింది ఒక్క మాట, అదుగో కౌరవులు, చూడమని. ఒళ్ళు వణుకుతోందని, నోరెండిపోతోందని, గాండీవం జారిపోతోందని అర్జునుడు చెప్పుకుంటూ పోయాడు. ఆయన అడ్డురాలేదు. రెండో అధ్యాయం మొదట్లో మనవాళ్ళలాగే, ఏమిటీ పిరికితనం, లెమ్మని రెండు శ్లోకాల్లో మందలించాడు. దాంతో దుఃఖం తీరిందా? భీష్ముణ్ణి, ద్రోణుణ్ణి ఎలా కొట్టనంటూ అర్జునుడు మళ్ళీ మొదలుపెట్టాడు. ఈ శోకం పోయే దారి కనపడటం లేదన్నాడు. అదీ విన్నాకే, 11వ శ్లోకం నుంచి బోధ. చిట్టచివరికి, 18వ అధ్యాయం 72వ శ్లోకంలో, శ్రద్ధగా విన్నావా, నీ మోహం పోయిందా అని అడుగుతాడు. అడిగి, అర్జునుడు బదులు చెప్పేదాకా ఆగుతాడు. మనం 'బాగున్నావా' అని బండి ఆపకుండానే అడిగి పోతాం.

ఆపేక్ష లేక కాదు. ఎదుటి మనిషి ఏడిస్తే ఏం చెయ్యాలో తెలియని బెదురు. ధైర్యం చెప్పేస్తే తమ వంతు తీరినట్టుంటుంది.

మొన్న మా తోటికోడలు 'ధైర్యంగా ఉండాలక్కా' అని లేవబోతే చెయ్యి పట్టుకున్నాను. 'ధైర్యం తర్వాత చెబుదువుగానీ, ముందు ఆ రాత్రి ఏం జరిగిందో విను' అన్నాను. పొయ్యి మీద పాలున్నాయంది. దించి రమ్మన్నాను. వచ్చింది.