అడిగి తిను, నాయనా

ఓడ టికెట్టు తీసుకున్నావంట, సంతోషం నాయనా. ఈ అరుగు మీద కాసేపు కూర్చో, రెండు మాటలు చెప్పి పంపిస్తాను. నీ మనసు మంచిదే. నీ తొందర ఒక్కటే నాకు దిగులు.

మనవి సముద్రం లేని ఊళ్ళు. కౌండిన్యలో నీళ్ళొచ్చాయంటే గుడియాత్తంలో సగం మంది చూడ్డానికి పోతారు. పాలారు నిండుగా పారితే వేలూరు వాళ్ళకు అదే పండగ. అట్లాంటి చోట పుట్టిన పిల్లలు ఇప్పుడు నడిసముద్రంలో కూర్చుని విందు తిని వస్తున్నారు. 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ వాళ్ళ ఎంప్రెస్ ఓడను ముఖ్యమంత్రి స్టాలిన్ చెన్నై రేవులో జెండా ఊపి పంపించారు. అది విశాఖపట్నం దాకా పోయింది. వేలూరు నుంచి చెన్నై దాదాపు 140 కిలోమీటర్లే కదా, అప్పటినుంచి మనవైపు ఇళ్ళల్లో కూడా ఓడ మాట వినబడుతోంది. సింగపూరులోనో అమెరికాలోనో ఉద్యోగం చేసే పిల్లలైతే ఇంకా పెద్ద ఓడలెక్కుతున్నారు. అమ్మానాన్నల్ని, అవ్వని కూడా తీసుకుపోతున్నారు. పోవాల్సిందే. వాళ్ళు చూడకపోతే ఇంకెవరు చూడాలి?

చెన్నై నుంచి పోయే ఓడలో తిండికి ఇబ్బంది లేదు, మన వంటలు దొరుకుతాయి. నేను చెప్పేది ఆ పెద్ద ఓడల భోజనశాల సంగతి. సాయంత్రం పూట తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర కూర్చోబెట్టి, చేతికి మెనూ కార్డు ఇస్తారు. ముందు తినేవి కొన్ని, తరవాత అసలు భోజనం, చివర్న తీపి. అందులో నువ్వు ఎన్నడూ చూడనివి ఉంటాయి. వెల్లుల్లి వెన్నలో ఉడికించిన నత్తలు ఉంటాయి. కప్ప కాళ్ళుంటాయి. స్ట్రాబెర్రీ పళ్ళతో చేసిన చల్లటి సూపు ఉంటుంది. తినాలని ఉన్నా ధైర్యం చాలక ఇన్నాళ్ళూ తినని వంటలంటూ కార్నివాల్ ఓడల వాళ్ళు మెనూలో వేరే భాగమే పెట్టారు. అందులో మొసలి జాతి మాంసంతో చేసిన బజ్జీలు కూడా వడ్డించారు. వీటిలో చాలావాటికి వేరే డబ్బులు అడగరు, టికెట్టు ధరలోనే కలిసి ఉంటాయి. ఒకటికి రెండు అడిగినా తెచ్చిపెడతారు.

మన పిల్లలకు తొందర పుట్టేది అక్కడే. ఎట్లాగూ డబ్బు కట్టేశాం కదా, అన్నీ తెప్పించు, ఫోటో తియ్యి, ఒక్కొక్కటీ కొరికి పక్కన పెట్టు. అట్లా వద్దు నాయనా. తినొద్దని నేను చెప్పడం లేదు, కొత్తది తినడం మంచిదే. అదేంటో అడిగి తిను. కొంచెం పెట్టించుకుని తిను. నేను ఎంతసేపు మాట్లాడినా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాను, విసుక్కోకు.

నత్తలు అనగానే ముఖం చిట్లించేవాళ్ళను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. మన చెరువుల్లో, వరిమళ్ళలో ఏరుకొచ్చిన నత్తల్ని శుభ్రంగా కడిగి పులుసు పెట్టుకున్న ఇళ్ళు మనవైపు లేవా? తొలకరి వానకు పుట్టల్లోంచి లేచిన ఉసిళ్ళను పట్టి, వేయించి, బొరుగుల్లో కలుపుకుని తిన్నవాళ్ళు మన మధ్యే ఉన్నారు. ఊళ్ళో పేదవాళ్ళు తింటే రోత, ఓడలో వెండి రంగు పళ్ళెంలో వస్తే గొప్ప అనుకుంటే అది మంచి చూపు కాదు. మన ఇలవంబాడి ముళ్ళ వంకాయకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనం సంబరపడ్డాం. కాడ నిండా ముళ్ళున్న ఆ కాయను మొదటిసారి చూసిన పరాయి ఊరివాడు చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. ఆంబూరు బిర్యానీ పక్కన పుల్లటి వంకాయ కూర ఎందుకని అడిగేవాళ్ళూ ఉన్నారు. ఒకసారి కలుపుకుని తిన్నాక వాళ్ళే మళ్ళీ వడ్డించమంటారు.

ఓడదాకా ఎందుకు, వేలూరులో సి.ఎం.సి. ఆసుపత్రి చుట్టుపక్కల సందుల్లో నడిచి చూడు. బెంగాలు నుంచి, బంగ్లాదేశ్ నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి రోగుల్ని తీసుకొచ్చినవాళ్ళు వారాల తరబడి అక్కడే ఉంటారు. వాళ్ళకోసం బెంగాలీ అక్షరాల బోర్డులు, ఆవనూనె చేపల పులుసు వండే హోటళ్ళు వచ్చాయి. ఆ వాసన మనకు కొత్త. వాళ్ళకు అది ఇంటి వాసన, ఒంట్లో బాగాలేని మనిషికి రెండు ముద్దలు లోపలికి పంపే వాసన. ఆ సందులో ముక్కు మూసుకోకుండా నడవగలిగినవాడు ఏ ఓడ భోజనశాలలోనైనా మర్యాదగా కూర్చోగలడు. పోయే ముందు ఒక మధ్యాహ్నం అక్కడ భోంచెయ్యి, నా మాట విను.

ఇప్పుడు ఈ అడగడం గురించి చెప్తాను. మన ఇళ్ళల్లో పెరటాసి నెల వస్తే మాంసం ముట్టరు. శనివారాలు ఉండేవాళ్ళున్నారు, ఏడాది పొడుగునా శాకాహారమే తినేవాళ్ళున్నారు. ఓడ మెనూలో ఉల్లిపాయల సూపు అని ఉంటే అమ్మకు తెప్పించేస్తావు. ఫ్రెంచి పద్ధతి ఉల్లిపాయ సూపును మామూలుగా గొడ్డుమాంసం ఉడికించిన నీళ్ళతో చేస్తారు. సీజర్ సలాడ్ అంటే ఆకులే కదా అనుకుంటావు. ఆ ఆకుల మీద కలిపే దాంట్లో చిన్న చేపల ముద్ద ఉంటుంది, పైన తురిమే చీజును దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో విరగ్గొట్టి చేసి ఉండవచ్చు. తెల్లగా వణుకుతుండే పన్నా కోటా అనే తీపిలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకలూ చర్మం నుంచి తీసేది. తిరామిసు అనే ఇంకో తీపిలో మామూలుగా మద్యం, పచ్చి గుడ్డు కలుపుతారు. పేరు చూసి నమ్మితే కుదరదు, అడగాలి. అడిగితే చిన్నతనం అనుకుంటారేమో అని సిగ్గుపడకు. చెప్పడమే ఆ వడ్డించేవాళ్ళ పని, చెప్పడం వాళ్ళకు ఇష్టం కూడా. కూరగాయల నీళ్ళతో చేసిన సూపు వేరే ఉందా అంటే చాలా ఓడల్లో ఉంటుంది.

ఒంటికి పడని సంగతి ఇంకా ముఖ్యం. రొయ్యలు తింటే దద్దుర్లు వచ్చేవాళ్ళు నత్తల జోలికి పోయే ముందు డాక్టరును అడగాలి. ఇంట్లో దుమ్ము పురుగులు పడక ఉబ్బసం వచ్చే మనుషులుంటారు చూడు, వాళ్ళల్లో కొందరికి నత్త తిన్నా ఆయాసం ముంచుకొస్తుంది. దుమ్ములోని పురుగుకూ నత్తకూ ఏం చుట్టరికమని నవ్వకు, వైద్యులు చూసి చెప్పిన మాటే ఇది. మీ చెల్లెలు జేబులో ఇన్‌హేలరు పెట్టుకుని తిరిగే పిల్ల. తన ముందు ఆ పళ్ళెం పెట్టి, ఒక్కటి తింటే ఏమీ కాదులే అనకు. 1900లో ఐడా స్కడ్డర్ అమ్మ ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన సి.ఎం.సి. ఆసుపత్రి ఇవాళ మనకు ఆటో దూరంలో ఉంది కాబట్టి, దేనికైనా పరిగెత్తవచ్చని మనకు అలవాటైపోయింది. సముద్రం మధ్యలో ఉండేది చిన్న ఆసుపత్రి గది, ఒకరిద్దరు డాక్టర్లు. దానికి బిల్లు కూడా గట్టిగానే వస్తుంది.

చేతులు కడుక్కో. చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్తున్నాడనుకోకు. అంతమంది ఒకే చోట తినే ఓడల్లో నోరోవైరస్ ఒకరి చేతి నుంచి ఒకరికి అంటుకుని వాంతులు, విరేచనాలు తెస్తుంది. అమెరికా ఆరోగ్య శాఖ వాళ్ళు 1975 నుంచి ఓడల్లో శుభ్రత చూడ్డానికి వేరే ఏర్పాటే పెట్టుకున్నారు. ఓడ శుభ్రతకు 100కి మార్కులేస్తారు, 85 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే తప్పినట్టే. ద్వారం దగ్గర చేతిలో పోసే ద్రవం ఆ వైరస్‌కు చాలదు, సబ్బూ నీళ్ళే కావాలి. బఫేలో అందరూ పట్టుకున్న గరిటె పట్టుకున్నాక అదే చేత్తో రొట్టె తుంచకు.

కప్ప కాళ్ళ విషయంలో మాత్రం నా మనసులో మాట దాచుకోను. ఒకప్పుడు మన దేశమే బయటి దేశాలకు కప్ప కాళ్ళను విపరీతంగా పంపింది. పొలాల్లో కప్పలు తగ్గిపోతే పురుగు పెరుగుతుంది, పురుగు పెరిగితే మందు కొట్టడం పెరుగుతుంది. ఆ గోల చూసి 1987లో ఎగుమతి ఆపేశారు. తరవాత ఆ బరువు ఇండోనేషియా లాంటి దేశాల మీద పడింది, అక్కడ చాలావాటిని పొలాల్లో, తడినేలల్లో పట్టి పంపుతున్నారు. మడిలో కప్ప అరిస్తే వానొస్తుందని సంతోషించే ఇంట్లో పుట్టినవాడివి నువ్వు. ఈ ఒక్కటీ తెప్పించుకోకుంటే బాగుంటుందని నా కోరిక. తెప్పించుకుంటే తిడతానని కాదు, తెలిసి నిర్ణయించుకో.

ఇంక పరిమాణం. కొత్త ఏట్లో దిగేవాడు ముందు కర్రతో లోతు చూసినట్టు, కొత్త వంటను ముందు ఒక ముద్ద తిని చూడాలి. నలుగురు కూర్చున్న బల్లకు ఒక్క పళ్ళెం నత్తలు చాలు. స్టార్టరు పళ్ళెం ఎట్లాగూ చిన్నది, తలా ఒకటి రుచి చూడండి. నచ్చితే ఇంకొకటి అడగండి, ఎవరూ కాదనరు. నచ్చకపోతే ఇది నాకు పడలేదండీ అని మెల్లగా చెప్పండి, వేరేది తెస్తారు. నలుగురికి నాలుగు తెప్పించి మూడు వదిలేస్తే అదెక్కడికి పోతుందో తెలుసా? ఓడల్లో మిగిలిన తిండిని 25 మిల్లీమీటర్ల కన్నా చిన్న ముక్కలయ్యేట్టు మరలో రుబ్బి, ఒడ్డు నుంచి 3 నాటికల్ మైళ్ళు దాటాక చాలా సముద్రాల్లో వదలవచ్చని అంతర్జాతీయ నియమం ఉంది. రుబ్బకపోతే 12 మైళ్ళు దాటాలి. నువ్వు కొరికి వదిలేసింది అట్లా పోతుంది. విస్తరిలో మెతుకు మిగిలితే లేవనివ్వని అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని ఆ పని చెయ్యకు, ఆమెకు రాత్రంతా నిద్ర పట్టదు.

అవ్వ మాట వచ్చింది కాబట్టి అన్నిటికన్నా గట్టిగా ఈ మాట చెప్పాలి. ఇది కోడిమాంసమేలే అవ్వా అని అబద్ధం చెప్పి ఆమె నోట్లో ఏదో పెట్టి, మింగాక అసలు పేరు చెప్పి, ముఖం ఎట్లా మారిందో ఫోనులో తీసి నలుగురికి చూపించి నవ్వే పని ఎన్నటికీ చెయ్యకు. సరదా అనుకుని చేసే పిల్లలున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళని అనను, ఆలోచించరు అంతే. ఆమె ఎన్నో ఏళ్ళుగా పట్టుకుని వచ్చిన నియమం ఒక్క నిమిషంలో పోతుంది. పైకి ఏమీ అనదు, నీ మీద ప్రేమకొద్దీ నవ్వి ఊరుకుంటుంది. మళ్ళీ నువ్వు ఏది పెట్టినా ఒకసారి అనుమానంగా చూసి తింటుంది. ఆ చూపు నువ్వు తట్టుకోలేవు. ఎవరి నోట్లోకి ఏది పోతోందో వాళ్ళకు తెలియాలి. నాన్న రుచి చూస్తానంటే చూడనీ. అమ్మ వద్దంటే ఒక్కసారి వద్దన్నా చాలు, రెండోసారి బలవంతం చెయ్యకు.

చాలా ఓడల్లో భోజనశాలలో రోజూ ఒకే బల్ల ఇస్తారు, వడ్డించేవాళ్ళు కూడా వాళ్ళే ఉంటారు. ఫిలిప్పీన్సు వాళ్ళు, ఇండోనేషియా వాళ్ళు, మన గోవా, కేరళ పిల్లలు కనబడతారు. ఆరేసి, తొమ్మిదేసి నెలలు ఇల్లు వదిలి ఉంటారు. రోజులో కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలని నావికుల ఒప్పందంలో ప్రత్యేకంగా రాసుకోవాల్సి వచ్చిందంటే, ఆ పని ఎట్లాంటిదో నువ్వే ఆలోచించు. మగ్గం ముందో, బీడీల చాట ముందో పొద్దుగూకులూ కూర్చుని పిల్లల్ని చదివించిన ఊరు మనది. పనిచేసే చేతికి మర్యాద ఇవ్వాలని నీకు నేర్పక్కర్లేదు, హడావిడిలో మరిచిపోకు. వడ్డించే అతను తెచ్చిన పళ్ళెం చూసి ఛీ అని తెలుగులో అంటే అతనికి అర్థం కాదనుకోకు. ముఖం ఏ భాషలోనైనా తెలుస్తుంది.

మొదటి రోజే అతనికి అన్నీ చెప్పేయి. అవ్వ శాకాహారం, చెల్లికి ఉబ్బసం, నాన్నకు షుగరు. రేపు రాత్రికి కొంచెం పప్పన్నం, పెరుగన్నం కుదురుతుందా అని ముందురోజే అడిగితే చాలా ఓడల్లో చేసి పెడతారు. ఇంట్లో వండినవి మామూలుగా ఓడ ఎక్కనివ్వరు కాబట్టి, ఊరుబిండి డబ్బా సర్దమని అమ్మను ఇబ్బంది పెట్టకు. సీలు వేసిన పొడి పొట్లం ఒకటి కొనుక్కో, దాన్ని తీసుకుపోవచ్చో లేదో టికెట్టు ఇచ్చినవాళ్ళను ముందే కనుక్కో.

సరే, పొద్దుపోయింది. క్షేమంగా పోయి రా. వచ్చాక ఫోటోలు తరవాత చూస్తాను. ఏం తిన్నావు, అది దేంతో చేశారు, మీ బల్ల దగ్గర వడ్డించినతనిది ఏ ఊరు, వాళ్ళ ఇంట్లో ఏం వండుకుంటారు, ఇవన్నీ అడిగి తెలుసుకుని రా. నత్తల వెల్లుల్లి వెన్న ఎట్లా ఉందో కూడా చెప్పాలి, నాకు తెలుసుకోవాలని ఉంది.