హింస: పాపమా, వ్యాధియా?

మహాభారతము ఆదిపర్వములో మాండవ్య మహర్షి కథ ఉన్నది. చేయని దొంగతనమునకు ఆయనను శూలమున గ్రుచ్చినారు. ఇది ఏ పాపమునకు ఫలమని ఆయన ధర్మదేవతను నిలదీసినాడు. బాల్యమున నీవు పురుగులను పుల్లతో గ్రుచ్చితివి, దాని ఫలమే ఇది అని సమాధానము వచ్చినది. తెలిసీ తెలియని వయస్సులో చేసిన పనికి ఇంతటి దండనయా అని మహర్షి కోపించి, పదునాలుగేండ్లు నిండువరకు చేసిన పని పాపము కాకుండునట్లు కట్టడి చేసినాడు. ధర్ముని మనుష్యుడవై పుట్టుమని శపించినాడు. అట్లు పుట్టినవాడే విదురుడు. తీర్పు చెప్పినవాడే చివరకు తీర్పునకు లోబడవలసివచ్చినది.

ఈ కథ జ్ఞాపకము వచ్చుటకు ఒక మాట కారణము. కౌమారములో ఉన్నవానిని హిందీలో ‘కిశోర్’ అంటారు. తెలుగులో కిశోరము అనగానే మనకు సింహపు పిల్లయో గుఱ్ఱపు పిల్లయో తోచును. ఈ చిక్కు అనువాదకునికి అలవాటైనదే. కాని ‘కిశోరుల హింసామరణములు ఒక ప్రజారోగ్య సమస్య’ అను వాక్యమును తెలిగించుచు నేను ఆగిపోయినది ఆ మాట దగ్గర కాదు, ‘ఆరోగ్యము’ దగ్గర. ఒక పిల్లవాడు మరొక పిల్లవానిని కత్తితో పొడిచి చంపినాడు. అది పాపము, నేరము. వ్యాధి ఎట్లయినది?

ఈ మాట వైద్యులు ఊరక అన్నది కాదు. అమెరికా నగరములలో తుపాకి దెబ్బలకు కూలిన బాలురను రాత్రింబవళ్లు చూచినవారు వారు. 1985లో ఆ దేశపు సర్జన్ జనరల్ కూప్ హింసను ప్రజారోగ్య విషయముగా చర్చించుటకు సభ పిలిచినాడు. 1996లో ప్రపంచ ఆరోగ్య సభ అదే మాటను తీర్మానము చేసినది. చిత్రమేమనగా, అదే 1996లో అమెరికా శాసనసభ విధించిన ఒక నిబంధన వలన తుపాకి మరణములపై ప్రభుత్వ ధనముతో జరుగు పరిశోధన రెండు దశాబ్దములు ఇంచుమించు స్తంభించినది. 2020లో ఆ దేశమున ఒకటి మొదలు పందొమ్మిదేండ్లలోపు వారి మరణములకు తుపాకి ప్రథమ కారణమైనది; అంతవరకు ఆ స్థానము రోడ్డు ప్రమాదములది. ఆ తుపాకి మరణములలో అధిక భాగము హత్యలు. ఆత్మహత్యలును తక్కువ కావు. లెక్కించుటకు నిరాకరించుట కూడ ఒక కర్మయే, దానికి కర్తలున్నారు అని నాకు తోచును.

అయినను నా సంకోచము పూర్తిగా తీరలేదు. వ్యాధి అన్నచో దోషి ఎవడు? 1854లో లండనులో కలరా వ్యాపించినప్పుడు జాన్ స్నో ఎవరు పాపము చేసినారని అడుగలేదు. ఎవరు ఏ నీరు త్రాగినారని అడిగినాడు. నీటి పంపునకు మనస్సు లేదు, కత్తి పట్టినవానికి ఉన్నది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో ‘అమ్మా, ఇది ఒక అంటువ్యాధి’ అనుట ఆమెకు రెండవసారి అన్యాయము చేయుటయే. మన దేశమున 2015 నాటి బాలన్యాయ చట్టము, ఘోర నేరము చేసిన పదునారేండ్లు నిండినవారిని పెద్దలవలె విచారించుటకు వీలు కల్పించినది. దాని వెనుకనున్న ఆగ్రహమును నేను తేలికగా కొట్టివేయలేను. కాని ఆ ఆగ్రహము హత్య జరిగిన పిమ్మటగాని మేల్కొనదు. వైద్యుని ప్రశ్న అంతకు ముందటిది: ఈ బాలునికి కత్తి ఎక్కడిది, పన్నెండవ యేట బడి ఎందుకు మానినాడు, నిరుడు ఇతడే గాయపడి ఆసుపత్రికి వచ్చినప్పుడు కట్టుకట్టి పంపినవారు మరేమైన అడిగినారా? ఇట్లడిగినచో బాలుని దోషము తగ్గదు. ఆ దోషములో పాలివారు పెరుగుదురు. మాండవ్యుని శాపము తగిలినదియు ఆ పైవారికే గదా.

స్కాట్లండులోని గ్లాస్గో నగరము కత్తిపోట్లకు పేరుమోసినది. 2005లో అక్కడి పోలీసులే హింసను తగ్గించుటకు ప్రత్యేక విభాగమును నెలకొల్పి, వైద్యుల పద్ధతిని చేపట్టినారు. పదేండ్లలో ఆ దేశమున హత్యలు సగమునకు పైగా తగ్గినవి. అదంతయు ఈ పనివలననే అనుటకు నాకు ధైర్యము చాలదు. కాని 2008లో అక్కడి న్యాయస్థానములో జరిగిన ఒక సమావేశము నన్ను వదలదు. ముఠాలలో తిరుగు కుఱ్ఱవాండ్రను పిలిపించి కూర్చుండబెట్టినారు. ఇకమీదట ఊరకొనమని పోలీసు అధికారి హెచ్చరించినాడు. కత్తిపోటు ముఖమును ఏమి చేయునో శస్త్రవైద్యుడు వివరించినాడు. కొడుకును పోగొట్టుకొన్న తల్లి లేచి తన కథ చెప్పినది. ఆ తరువాత, ఈ బ్రతుకు మానదలచినచో పిలువుమని వారికి ఒక టెలిఫోను నంబరు ఇచ్చినారు.