పల్లెవైద్యుని కథయు ప్రేక్షకుల మెప్పును

పూర్వకాలపు పల్లెవైద్యుని కథ టెలివిజనులో ప్రదర్శింపబడినపుడు చూచినవారనెడి మాట ఇంచుమించుగా నొక్కటియే: "ఎంతటి త్యాగి! అట్టి వైద్యులు నేడెక్కడ?" ఈ మెప్పు సహృదయమైనదే. కాని దానిని గొంత పరీక్షింపవలసియున్నది.

ఇట్టి నాటకములలో ప్రసిద్ధమైనది 'డాక్టర్ ఫిన్లేస్ కేస్‌బుక్'. బి.బి.సి. దీనిని 1962 మొదలు 1971 వఱకు ప్రసారము చేసెను. స్కాట్లండులో నొక కల్పిత గ్రామము. అందు వృద్ధవైద్యుడు కామెరాన్, యువకుడైన ఫిన్లే, ఇల్లు చక్కబెట్టు జానెట్. మూలకథలు వ్రాసిన ఎ.జె. క్రోనిన్ స్వయముగా వైద్యుడు. ఆబిడ్స్‌లో ఆదివారము కాలిబాటలపై పఱచు పాతపుస్తకములలో ఆయన నవలలు వెదకువారికి అప్పుడప్పుడు దొరకుచుండును.

ఇట్టి కథలలో ప్రేక్షకుని కన్నులు చెమర్చునది వైద్యుడు అర్ధరాత్రివేళ వానలో తడియుచు రోగియింటికి బోవు ఘట్టము. రుసుము పుచ్చుకొనకున్నచో మెప్పు రెట్టింపగును. ఆ వైద్యుని యింట పొయ్యి యెట్లు రగులునో యని అడుగువారు లేరు! క్రోనిన్ 1920 దశకమున పనిచేసిన ట్రెడీగార్ వేల్సులోని గనుల పట్టణము. అచ్చటి కార్మికులు తమ కూలిలోనుండి కొంత తీసి వైద్యసహాయసంఘమును నడపుకొనిరి. వైద్యుడు దయగలవాడై వచ్చెనా, జీతమునకై వచ్చెనా యని వారు విచారింపబనిలేదు. రావలసినవాడు కనుక వచ్చును. ఆ యూర బుట్టిన అన్యూరిన్ బెవన్ ఆరోగ్యమంత్రియై 1948 జూలై 5న దేశమంతటికిని ప్రజావైద్యసేవను ప్రారంభించెను.

మన నగరమునను ఇట్టి దృష్టాంతము కలదు. 1949లో తన పరిచారిక ప్రసవసమయమున మరణింపగా నిజాము కోడలు నీలోఫర్ మిక్కిలి దుఃఖించెననియు, నాంపల్లికి చేరువనున్న నీలోఫర్ ఆసుపత్రి ఆ దుఃఖమునుండియే పుట్టెననియు చెప్పుదురు. 1953లో వెలసిన ఆ యాసుపత్రిలో తల్లులకును బిడ్డలకును వైద్యము జరుగుచున్నది. ఒక్కరి కన్నీరు గోడలును మంచములునై నిలిచినందున, తరువాత వచ్చు బాలింత ఎవరి త్యాగమునకును ఎదురుచూడ నక్కఱలేదు.

అట్లయిన త్యాగము వలదందురా? వాగు పొంగి దారి తెగిన రాత్రి అది కావలసినదే. దానిని తాను చేయువాడు చేయవచ్చును. కుర్చీలో కూర్చుండి ఒరులనుండి కోరుట వేఱు. సాయంకాలము ఫిన్లేవంటివానిని మెచ్చిన గృహస్థునకు, మఱునాడు తన కుమార్తెను మాఱుమూల ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు నియమించినట్లు ఉత్తరువు వచ్చెననుడు. ఆయన బదిలీ సిఫారసునకై బయలుదేరును. ఆయనను గపటియని నేననను. అచ్చట ఉండుటకు ఇల్లున్నదా, నీళ్లున్నవా, రాత్రి పిలుపు వచ్చినపుడు తోడెవరు, అని తల్లి యడుగు ప్రశ్నలు న్యాయమైనవి. ఆ పల్లెవారును ఎన్నియో యేండ్లుగా అవే యడుగుచున్నారు.