అన్నద్వేషం ధనికుల జబ్బేనా?

అన్నం దొరకనివాళ్ళు కోట్లలో ఉన్న దేశంలో, అన్నం ముందున్నా తిననివాళ్ళ వైద్యానికి ప్రజాధనం వెచ్చించాలా? ఈ ప్రశ్న వేసేవాళ్ళలో అభ్యుదయవాదులూ ఉన్నారు. ఇది తిండి ఎక్కువైనవాళ్ళ జబ్బని వారి వాదం.

1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో, ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు దాదాపు ఆరు నెలలు సగం తిండి పెట్టి చూశారు. వాళ్ళ మనస్సులే మారిపోయాయి. ఎప్పుడూ తిండి ధ్యాసే. దిగులు, చిరాకు, నలుగురిలో కలవలేకపోవడం. మళ్ళీ కడుపునిండా పెట్టినా కొందరికి తిండితో తగువు వెంటనే తీరలేదు. అంటే పస్తు, ఏ కారణాన వచ్చినా, మనస్సును చెరుస్తుంది. తినలేని పిల్లది పొగరనడం, జ్వరాన్ని పొగరనడం వంటిదే.

జబ్బు వర్గం చూడదు; చూసేది వైద్యం. దీనికి మానసిక వైద్యుడూ, దేహవైద్యుడూ, ఆహార నిపుణుడూ కలిసి నెలల తరబడి పనిచెయ్యాలి. ఆ ఫీజులూ, పట్నానికి చార్జీలూ, పోయిన కూలీ భరించలేక కూలివాని కూతురు జబ్బుకు పేరు పెట్టే డాక్టరు దాకానే పోదు. అందుకే అది ధనికుల జబ్బుగా కనబడుతుంది! లెక్కకెక్కనిది లేనట్టు కాదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ వైద్యం ప్రతివారికీ హక్కన్నది. బీమాలో మనోవ్యాధిని దేహవ్యాధితో సమానంగా చూడాలన్నది. 2022లో మొదలైన టెలీమానస్ 14416 ఉచితంగా సలహా ఇస్తుంది. కాని ఫోను బరువు తూచదు, నాడి చూడదు. హక్కు జిల్లా ఆసుపత్రిలో మంచం కావాలి. అది అడగడం ఆకలిగొన్నవాని నోటి ముద్ద లాగడం కాదు. రేషను బియ్యం అడిగే నోటితోనే దీన్నీ అడగాలి.