చదువు ఎవరి బాకీ?

గురువు శిష్యుడికి అప్పిస్తే, ఆ తరువాత యిద్దరి మధ్యా మిగిలేది గురుశిష్య సంబంధమేనా? యీ ప్రశ్న నాకు పుస్తకంలో దొరకలేదు.

పోయిన సంవత్సరం, పరీక్షలకు రెండు రోజుల ముందు, మా డిగ్రీ కళాశాల విద్యార్థి ఒకడు తండ్రిని వెంటబెట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. ఫీజు రీయింబర్సుమెంటు సొమ్ము ప్రభుత్వం నుంచి రాలేదు. రెండేళ్ళ బాకీ 40,000 రూపాయలు కడితేగాని హాల్ టికెట్టు యివ్వమన్నది యాజమాన్యం. తండ్రి లారీ డ్రైవరు. "మీకు కార్డున్నదట గదా, సారూ" అన్నాడు. నా జీతమూ ఆలస్యంగా వచ్చేదే. ఐనా క్రెడిట్ కార్డు గీకాను. ఆ రాత్రి గర్వంగానే నిద్రపోయాను.

గడువులోగా బిల్లు మొత్తం కట్టలేకపోయాం. దాంతో కార్డు గీకిన రోజు నుంచే వడ్డీ పడింది. నెలకు నూటికి మూడున్నర, అంటే 1,400 రూపాయలు. దానిపై జీఎస్టీ మరో 252. మా వూళ్ళో మూడు రూపాయల వడ్డీకి అప్పిచ్చేవాణ్ణి రక్తం తాగేవాడంటారు. మూడున్నర రూపాయలు తీసుకునే బ్యాంకును ఎవరూ ఆ మాట అనరు. వూరి షావుకారుకు ముఖమున్నది, కార్డుకు లేదు. ముఖం లేనిచోట కోపం నిలవదు. సిగ్గు మాత్రం అప్పు చేసినవాడికి మిగులుతుంది.

ఆ సిగ్గును నేను కళ్ళారా చూశాను. వేమనకు నేను చెప్పే వ్యాఖ్యానాన్ని ఒప్పుకోక లేచి వాదించే కుర్రవాడు తలవంచుకు కూర్చోసాగాడు. నాలోనూ మార్పు వచ్చింది. నెలాఖరున అతణ్ణి చూడగానే నాకు మొదట గుర్తుకొచ్చేది డబ్బే. దీన్ని ఒప్పుకోవడం నాకు సులభం కాదు.

"అప్పు ఎవరు చేయమన్నారు? స్తోమతు కొద్దీ చదవాలి" అనే మిత్రులున్నారు. విలాసాలకు కార్డు వాడేవాడి విషయంలో యీ నీతి కొంత చెల్లవచ్చు. కాని యిక్కడ మొదట బాకీ పడింది ఎవరు? 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన పథకం, పేద విద్యార్థి ఫీజు ప్రభుత్వమే కడుతుందని మాటిచ్చింది. ఆ బకాయిల కోసమే 2024 అక్టోబరులో తెలంగాణలో ప్రయివేటు డిగ్రీ కళాశాలలు బంద్ పాటించాయి. మాట తప్పినవాడు వడ్డీ కట్టడు; మాట నమ్మినవాడు కడతాడు. యిది దుబారా కాదు. సమాజపు బాకీని పేదవాడి పేరు మీదికి మార్చి రాయడం.

మన పెద్దలు చెప్పిన మూడు ఋణాలలో ఋషిఋణం చదువుకోవడం వల్లనే తీరుతుంది. ఆ చదువును వారు అన్ని కులాలకూ అందనివ్వలేదన్నది నిజమే. ఐనా అందులో ఒక సత్యమున్నది: జ్ఞానం వెనుకటి తరాల నుంచి వచ్చింది, ముందు తరాలకు అందించడమే దాని చెల్లింపు. నేడు చదవడమే ఋణమైంది. చెల్లింపు బ్యాంకుకు.

మళ్ళీ అలాంటి తండ్రి వస్తే కార్డు తీస్తానా? తీస్తాను. ఒక సంవత్సరం పోగొట్టుకొమ్మని ఆ కుర్రవాడితో చెప్పే హక్కు నాకు లేదు. కాని దాన్ని సాయమని పిలిచి తృప్తిపడను. మర్నాడే ఆ తండ్రీకొడుకులతో, నా తోటి అధ్యాపకులతో కలిసి బకాయి అడగడానికి ప్రభుత్వ కార్యాలయం మెట్లెక్కకపోతే, నేను చేసిన పని అసలు బాకీదారును తప్పించడమే అవుతుంది.