దండెం మీది చీర చాటున

పుష్యమాసం పొద్దు. ఆదిలాబాద్‌లో ఎండ పొడిచినా చలి వదలదు. పెరట్లో దండెం మీద చీర, ఎవరి కంటా పడకుండా దాని చాటున ముట్టుగుడ్డ. చీర ఆరుతుంది, గుడ్డ ఆరదు. రాత్రికి అదే చెమ్మ గుడ్డ. తెల్లారేసరికి తొడలు ఒరుసుకుపోయి, ఒకటే దురద.

గుడ్డ చెడ్డదని కాదమ్మా. మెత్తటి నూలుగుడ్డను సబ్బుతో ఉతికి నేరుగా ఎండలో వేస్తే హాయిగా వాడుకోవచ్చు. చీర కప్పకండి, అంతే. ప్యాడ్ అయితే రాత్రికి పొడుగ్గా, వెనక వెడల్పుగా ఉన్నది చూసుకోండి. పడుకునే ముందు కొత్తది పెట్టుకుని, లేవగానే మార్చేయండి. సెంటు వాసనవి ఎందుకు? కొందరికి ఆ సెంటే మంట పుట్టిస్తుంది. లోపల పెట్టుకునే టాంపన్ ఎనిమిది గంటలు దాటనివ్వద్దు. 1980 ప్రాంతంలో అమెరికాలో బాగా పీల్చుకునే టాంపన్ల వల్ల విషజ్వరం లాంటి జబ్బొచ్చి కొందరు ఆడవాళ్లు చనిపోయారు. ముట్టుకు వాడే సిలికాన్ కప్పు 12 గంటల దాకా ఆగుతుంది, కానీ నెలనెలా నీళ్లలో మరిగించాల్సిందే.

ఖరీదు మాటకొస్తే, 2018 జూలైలో ప్యాడ్ల మీద 12 శాతం జీఎస్టీ తీసేశారు. 2019లో జన ఔషధి దుకాణాల్లో సువిధ ప్యాడ్ రూపాయికొచ్చింది.

రాత్రి గంటగంటకూ లేచి మార్చుకుంటున్నారా? పెద్ద గడ్డలు పడుతున్నాయా? డాక్టరమ్మకు చూపించుకోండి. మంగళవారాలు ఆడవాళ్ల కోసమే అంటూ సర్కారు ‘ఆరోగ్య మహిళ’ పథకం 2023 మార్చి 8న మన కరీంనగర్‌లోనే మొదలైంది. చెప్పడానికి మొహమాటమైతే వదినను వెంట తీసుకెళ్లండి. ఆమెకూ అడగాల్సినవి ఉండే ఉంటాయి.