చేతికందిన వేట



నల్లమల అంచున ఉన్న ఊళ్ళలో మన కుటుంబాలు తరతరాలుగా బతుకుతున్నాయి. ఆత్మకూరు, దోర్నాల, మార్కాపురం, గిద్దలూరు... ఎటు నిలబడి చూసినా కొండ కనిపిస్తుంది. కొండ కనిపించే ఊళ్ళో వేట కబుర్లకు కొదవ ఉండదు. తాత కొట్టిన దుప్పి గురించి, మేనమామ పట్టిన కొర్రమేను గురించి వింటూనే పిల్లలు పెరుగుతారు. పదేళ్ళ పిల్లవాడి జేబులో గులేరు ఉంటుంది. ఈ విషయం మీద మసీదుల్లో ప్రసంగాలు మాత్రం అరుదు. ఈ నెల దీన్ని ఎత్తుకోవడానికి ఒక కారణం ఉంది.

కిందటి చలికాలంలో ఒకరోజు జుమా నమాజు అయ్యాక ఒక సోదరుడు మసీదు మెట్ల దగ్గర ఆగిపోయాడు. జనమంతా వెళ్ళేదాకా చెప్పులు వెతుక్కుంటున్నట్టు నిలబడి, తర్వాత మా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగాడు: "హజ్రత్, చచ్చినదాని గొంతు కోస్తే జబహ్ అవుతుందా?"

సమాధానం అతనికి తెలుసు. తెలియని మనిషి ఆ ప్రశ్న అలా అడగడు. కూర్చోబెట్టాం. అడవిపందులు శెనక్కాయ పంటను తవ్విపోస్తున్నాయని చేను చుట్టూ తీగ లాగి రాత్రిపూట కరెంటు పెట్టాడట. ఒక తెల్లవారుజామున వెళ్ళి చూస్తే తీగ మీద పంది లేదు, దుప్పి పడి ఉంది. కత్తి తెచ్చి 'బిస్మిల్లాహి అల్లాహు అక్బర్' అని గొంతు కోశాడు. ఇంటికి కొంత ఉంచుకుని ఆరు ఇళ్ళకు పంచాడు. "బిస్మిల్లా చెప్పి కోశానని అందరికీ చెప్పాను. అది అబద్ధం కాదు హజ్రత్, చెప్పాను. కాకపోతే అప్పటికే దాని ఒళ్ళు చల్లబడింది" అన్నాడు.

అతని ప్రశ్నకు ఆ రోజే జవాబు చెప్పాం. కానీ ఆరు ఇళ్ళవాళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదంటే, ఈ నియమాలు మన ఇళ్ళలో ఎంత మరుగున పడ్డాయో ఆలోచించండి.

ముందుగా ఒక సంగతి. వేట నీచమైన పని అని ఇస్లాం ఎక్కడా అనలేదు. హజ్రత్ ఇస్మాయీల్ (అలైహిస్సలాం) విలుకాడు, వేటతో ఇల్లు గడుపుకున్నవారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) పినతండ్రి హజ్రత్ హమ్‌జా (రజి) వేట నుంచి తిరిగి వస్తూ, భుజాన విల్లు ఉండగానే, తన అన్నకొడుకును అబూజహల్ దూషించిన సంగతి విన్నారు. ఆయన ఇస్లాం వైపు అడుగేసిన ఘట్టం అక్కడే మొదలైంది. సహచరులు మర్రుజ్జహ్రాన్‌లో ఒక కుందేలును తరిమి పట్టి కోసి, దాని తొడ మాంసం దైవప్రవక్తకు పంపితే ఆయన స్వీకరించారు. ఆకలి కోసం, జీవనోపాధి కోసం వేటాడటం ధర్మసమ్మతమే. అయితే ఆ అనుమతికి అల్లాహ్ కంచె వేశాడు.

ఆ కంచె ఎలాంటిదో హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) అడిగిన ప్రశ్నల వల్ల మనకు తెలిసింది. ఆయన తయ్యి తెగ నాయకుడు, దానగుణానికి పేరుపడ్డ హాతిమ్ తాయీ కుమారుడు. వారిది అజా, సల్మా అనే రెండు కొండల ప్రాంతం. అంటే ఆయన కూడా కొండ మనిషే, వేట తెలిసినవాడే. అందుకే ఆయన ప్రశ్నలు పుస్తకంలోంచి పుట్టినవి కావు, అడవిలో ఎదురైనవి. నా వేటకుక్కతో పాటు ఇంకో కుక్క కూడా కనిపించింది, ఏది చంపిందో తెలియదు, తినవచ్చా? తినకూడదు, నీవు అల్లాహ్ పేరు తలచింది నీ కుక్క మీదే కదా అని జవాబు వచ్చింది. వేటకు వదిలే కర్ర తగిలి చస్తే? మొన తగిలి చీలిస్తే తిను, అడ్డంగా తగిలి ఆ దెబ్బకు చస్తే తినకు. బాణం తగిలిన జంతువు నీళ్ళలో పడి చస్తే? వదిలెయ్యి, దాన్ని చంపింది నీ బాణమో నీళ్ళో నీకు తెలియదు.

గమనించారా? అనుమానం వచ్చిన ప్రతిచోటా జవాబు 'వదిలెయ్యి' అనే. చేతిదాకా వచ్చిన మాంసాన్ని, ఎవరూ చూడని చోట, ఒక్క సందేహం కోసం వదిలిపెట్టమన్నారు. ఎదురుగా ఉన్నది మామూలు మనిషి కాదు, తెగ నాయకుడు.

ఇప్పుడు ఉచ్చుల సంగతి, కరెంటు తీగ సంగతి చూడండి. మాయిదా సూరా మూడో ఆయతులో చచ్చినదాన్ని నిషేధించాక, అది ఎన్ని రకాలుగా ఉంటుందో అల్లాహ్ విడమరిచాడు: గొంతు బిగుసుకుని చచ్చింది, దెబ్బ తగిలి చచ్చింది, ఎత్తు నుంచి పడి చచ్చింది, కొమ్ము పోటుకు చచ్చింది, క్రూరమృగం తిన్నది. ప్రాణం ఉండగా అందుకుని జబహ్ చేసినదానికే మినహాయింపు. ఉచ్చులో మెడ బిగిసి చచ్చిన కుందేలు మొదటి రకం. కరెంటు తగిలి చచ్చిన దుప్పిది కూడా అదే ఆదేశం. ప్రాణం పోయాక కత్తి పెట్టడం మాంసం కోయడం అవుతుందే గానీ జబహ్ కాదు. బిస్మిల్లా అన్నది పవిత్ర వచనం, చచ్చినదాన్ని బతికించే మంత్రం కాదు.

తుపాకీ గుండు విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉంది. గుండు శరీరాన్ని చీల్చుకుపోతుంది కనుక బాణంలాంటిదే అన్నవారున్నారు. మన దేశంలోని హనఫీ ఉలమాల్లో చాలామంది దాన్ని దెబ్బ కిందే లెక్కగట్టి, ప్రాణం ఉండగా జబహ్ చేస్తేనే హలాల్ అన్నారు. ఇక ఉడుము. హదీసుల్లో వచ్చే 'జబ్' అంటే ఉడుమేనని మన వైపు కొందరు చెబుతుంటారు. అది పొరపాటు. జబ్ అనేది ఎడారిలో ఆకులు అలములు తినే ముళ్ళతోక బల్లి. ఉడుము మాంసం తినే జంతువు. రెండూ ఒకటి కాదు. పైగా జబ్ కూడా హనఫీల దగ్గర తినదగింది కాదు. నడుము నొప్పికి మందు అని చెప్పి దాన్ని అమ్మేవాళ్ళ మాట నమ్మకండి.

ఇంతవరకు మాంసం గురించి. అసలు పరీక్ష మాంసంలో లేదు.

హిజ్రీ 6లో దైవప్రవక్త (స) సహచరులతో ఉమ్రా కోసం ఇహ్రాం ధరించి బయల్దేరారు. ఇహ్రాంలో వేట నిషిద్ధం. ఆ ప్రయాణంలోనే వేట జంతువులు, పక్షులు చేతికి, బల్లేనికి అందేంత దగ్గరగా గుడారాల మధ్యకు వచ్చేవని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు రాశారు. మాయిదా సూరా 94వ ఆయతు ఆ సందర్భంలోదే. కంటికి కనిపించని తనకు ఎవరు భయపడతారో తేల్చడానికే ఆ పరీక్ష అని అల్లాహ్ అందులో తెలియజేశాడు. ఆకలి ఉంది, ఆయుధం ఉంది, వేట ఎదురుగా ఉంది. ఆపేది దైవభీతి ఒక్కటే.

అదే ప్రయాణంలో హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఒక్కరే ఇహ్రాంలో లేరు. అడవి గాడిదను చూసి గుర్రమెక్కారు, తొందరలో కొరడా మరిచారు. అందివ్వమని సహచరులను అడిగారు. మేము ఇవ్వం అన్నారు వాళ్ళు. ఆయనే దిగి తీసుకున్నారు. వేట అయ్యాక మాంసం తినవచ్చా అన్న ప్రశ్న వచ్చినప్పుడు దైవప్రవక్త (స) అడిగింది ఒకటే: మీలో ఎవరైనా ఆయనకు పురమాయించారా, జంతువును వేలు పెట్టి చూపించారా? లేదన్నారు. అయితే తినండి అన్నారు.

కొరడా అందించడం కూడా వేటలో పాలే అయినప్పుడు, రాత్రిపూట జీపు నడిపినవాడు, కళ్ళలోకి లైటు కొట్టి జంతువును నిలబెట్టినవాడు, అడవి మాంసం అని తెలిసి కిలోల లెక్కన కొని వలీమాలో వడ్డించినవాడు 'నేను కాల్చలేదుగా' అని తప్పించుకోగలరా?

ఇక్కడ కొందరు యువకులు మమ్మల్ని అడిగే మాట ఒకటుంది. "అల్లాహ్ హలాల్ చేసినదాన్ని ప్రభుత్వం ఎలా ఆపుతుంది?" అని. దీనికి జవాబు కూడా మాయిదా సూరాలోనే ఉంది. ఆ సూరా మొదటి ఆయతే చేసిన ఒప్పందాలను నెరవేర్చమన్న ఆజ్ఞతో మొదలై, అదే ఆయతులో వేట ప్రస్తావనకు వస్తుంది. మనం ఈ దేశంలో దీని చట్టాలకు లోబడి ఉంటామన్న ఒప్పందంతో బతుకుతున్నాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మనకూ పక్కింటివాళ్ళకూ ఒకటే. 1983లో ఈ అడవి పులుల అభయారణ్యంగా ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతల ఉన్నది అమ్రాబాద్ అభయారణ్యమైంది. దుప్పి, కుందేలు, నెమలి, ఉడుము అన్నీ చట్టం రక్షణలో ఉన్నవే. ఉడుము లాంటి మొదటి షెడ్యూలు జంతువును చంపితే శిక్ష మూడేళ్ళ జైలు నుంచి మొదలవుతుంది.

ఒక ప్రదేశంలో వేటను ఆపడం ఇస్లాంకు కొత్త కూడా కాదు. మక్కా హరమ్‌లో వేట లేదు. మదీనాలో రెండు కొండల మధ్య ప్రాంతాన్ని దైవప్రవక్త (స) హరమ్‌గా ప్రకటించారు. మదీనాలో జింకలు మేస్తూ కనిపిస్తే వాటిని బెదరగొట్టను కూడా బెదరగొట్టనని హజ్రత్ అబూ హురైరా (రజి) అనేవారు. నల్లమల హరమ్ కాదు, ఆ పవిత్రత దానికి లేదు. కానీ హద్దు గీసిన చోట చెయ్యి వెనక్కి తీసుకోవడం మనకు నేర్పిన సంస్కారమే కదా.

చేపల విషయంలో మనకు ఎంతో వెసులుబాటు ఉంది. చేపకు జబహ్ అక్కర్లేదు. తనంతట తాను చచ్చి నీటి మీద తేలిన చేపను హనఫీలు తినరు, అంతే. అయితే వెసులుబాటు ఎక్కువైన చోటే మన చేతులు అదుపు తప్పుతాయి. శ్రీశైలం జలాశయం వెనుక జలాల్లో అలివి వలలు వేసి, వేలెడంత కూడా ఎదగని పిల్లలను టన్నుల కొద్దీ ఊడ్చేస్తారు. వాగు మడుగుల్లో తూటా పేల్చేవారు, బ్లీచింగు పొడి కలిపేవారు ఉన్నారు. ఈ మందుగుండు వేటను, విషం కలపడాన్ని 1897 నాటి చేపల చట్టమే నేరమంది. ఒక మడుగులో విషం కలిపితే ఆ నీళ్ళు తాగే పశువు సంగతి? కింద బట్టలుతికే ఆడమనిషి సంగతి?

కొర్రమేను పట్టేవారికి తెలుసు, వానాకాలం గట్ల వెంబడి నీటి మీద ఎర్రగా పిల్లల గుంపు కదులుతుంటే, దాని కిందే కాపలాగా పెద్ద చేప ఉంటుంది. అక్కడ గాలం వేస్తే తప్పకుండా పడుతుంది, ఎందుకంటే పిల్లల కోసం అది దేనిమీదికైనా దూకుతుంది. ఒక ప్రయాణంలో సహచరులు ఒక చిన్న పిట్ట పిల్లలను తీసుకుంటే ఆ తల్లి రెక్కలు కొట్టుకుంటూ వాళ్ళ మీద తిరిగింది. దీని పిల్లలను తీసి దీన్ని బాధపెట్టింది ఎవరు, తిరిగి ఇచ్చేయండి అన్నారు దైవప్రవక్త (స). ఆ కొర్రమేనును పట్టడం హరామ్ అని మేము ఫత్వా ఇవ్వడం లేదు. ఆ హదీసు తెలిసినవాడు గాలం ఇంకో చోట వేసుకుంటాడని అనుకుంటున్నాం.

పిల్లల చేతుల్లో గులేరు గురించి కూడా. వేళ్ళ మధ్య రాయి పెట్టి విసరడాన్ని దైవప్రవక్త (స) వారించారు. దానివల్ల వేటా దొరకదు, శత్రువూ ఓడడు, పన్ను విరుగుతుంది, కన్ను పోతుంది అన్నారు. ప్రాణమున్నదాన్ని గురి చూసుకునే బొమ్మగా చేసుకున్నవారిని ఆయన శపించారు. తల్లులారా, పిల్లవాడు పిచ్చుకను కొట్టి తెచ్చి చూపిస్తే నవ్వకండి.

కొండకు వెళ్ళొద్దని మేము చెప్పడం లేదు. సెలవురోజున పిల్లలను తీసుకుని అనుమతి ఉన్న చోటికి వెళ్ళండి, వాగు ఒడ్డున వండుకు తినండి. కొండ మీద ఒంటరిగా మేకలు కాస్తూ, అజాన్ చెప్పి నమాజు చేసే కాపరిని చూసి అల్లాహ్ సంతోషిస్తాడని హదీసులో ఉంది. నీళ్ళు లేకపోతే తయమ్ముమ్‌కు మట్టి కావలసినంత ఉంది. కానీ వేట వెంట పడినవాడు ఏమరుపాటుకు లోనవుతాడని కూడా హదీసులోనే ఉంది. రాత్రంతా మాటువేసి ఫజ్ర్ వేళకు నిద్రపోయేవారిని చూస్తున్నాం కదా. రాత్రి విడిది చేస్తే దారి మీద పడుకోవద్దని, అవి జంతువులూ విషపురుగులూ తిరిగే చోట్లని చెప్పారు. నీటి దగ్గర, నీడలో, బాటలో మలవిసర్జన చేయవద్దన్నారు. నిద్రపోయే ముందు నిప్పు ఆర్పమన్నారు. ఎండాకాలం నల్లమలలో ఆర్పని ఒక్క పొయ్యి ఎంత అడవిని తింటుందో ఇక్కడివారికి వేరే చెప్పాలా?

ఆ సోదరుడి దగ్గరకు వద్దాం. ఆ మాంసం హరామ్ అని చెప్పాం. తెలియక తిన్నవారి మీద పాపం లేదు, తెలిసి పంచినవాడు తౌబా చేయాలి అన్నాం. అన్నిటికంటే ముందు ఆ తీగ తీసెయ్యమన్నాం. ఆ రోజు దుప్పి పడింది, రేపు నీళ్ళు పెట్టడానికి వచ్చిన పక్క రైతు పడితే? ఇలాంటి తీగల మీద మనుషులు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. చట్టం సంగతి అలా ఉంచి, ఆ ప్రాణానికి అల్లాహ్ దగ్గర నీదే జవాబు అన్నాం. పందుల బెడదకు అధికారులకు అర్జీ పెట్టుకోవచ్చు, కాపలా కాయవచ్చు. కష్టమే. పంట మీదే బతికేవాడికి ఈ మాట చెప్పడం మాకూ తేలిక కాలేదు.

ఆరు ఇళ్ళకూ వెళ్ళి చెప్పాలా అని అడిగాడు. అల్లాహ్ కప్పిపెట్టిన పాపాన్ని ఊరంతా చాటమని ధర్మం చెప్పదు. కానీ వాళ్ళలో ఎవరైనా నిన్ను చూసి అదే పని చేస్తుంటే మాత్రం చెప్పక తప్పదు అన్నాం. చాలాసేపు తల దించుకుని కూర్చున్నాడు. "ఒకరు చేస్తున్నారు హజ్రత్. మా బావ. తీగ ఎలా లాగాలో నేర్పింది నేనే" అన్నాడు.

తన చేని తీగ ఆ సాయంత్రమే తీసేశాడు. బావ వినలేదట, రెండుసార్లు గొడవపడ్డారు. మమ్మల్ని కూడా రమ్మన్నాడు. వచ్చే ఆదివారం అసర్ తర్వాత ఇద్దరం కలిసి ఆయన చేను దగ్గరకు వెళ్తున్నాం.